పొయ్యి లేని వంట: చుక్కల నడుమ మంచులో యూరియా, సారా

(మా గ్రామీణ విలేకరి)

మొన్న ఎరువుల కోసం సొసైటీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏం అబ్బాయ్, పేపరుకు రాస్తావు గదా, ఆకాశంలో కూడా యూరియా ఉందట, నిజమేనా? టెన్త్ చదివే మా మనవడు ఒకటే చెబుతున్నాడు" అని అడిగారు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "అయితే అక్కడి నుంచే నాలుగు బస్తాలు దింపించమనండి" అన్నారు మరొకరు.

హాస్యానికి అన్న మాటే అయినా మనవడు చెప్పింది అబద్ధం కాదు. మన పాలపుంత నడిబొడ్డుకు దగ్గరగా, ధనుస్సు రాశి వైపున ఉన్న ఒక పెద్ద వాయు మేఘంలో యూరియా ఉన్నట్టు శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించారు. చిలీ దేశంలోని ఎత్తయిన ఎడారిలో నిలిపిన రేడియో దుర్భిణులు దాని జాడ పట్టాయి. అంతకు మూడేళ్ల ముందే, 2016లో, అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ కైజర్ బృందం గడ్డకట్టిన పలుచటి మంచు పొర మీద ఎలక్ట్రాన్లను కురిపించి యూరియాను తయారు చేసి చూపింది. అందులో వాడిన సరుకులు రెండే రెండు: అమ్మోనియా, కార్బన్ మోనాక్సైడ్.

ఆ పెద్దాయనకు అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసిన సంగతులు ఇవి. యూరియాతో మొదలైన ఈ కథ తిరిగి తిరిగి మన ఒంట్లోని మాంసకృత్తుల దాకా వస్తుంది.

వేడి లేనిదే వంట ఎలా?

ఎరువుల కర్మాగారంలో యూరియా తయారు కావాలంటే అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును కలిపి సుమారు 180 డిగ్రీల వేడిలో, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు మించిన ఒత్తిడిలో ఉడికించాలి. ఇంటర్మీడియట్‌లో మాకు చెప్పిన పాఠం కూడా అదే. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. రేవులో పట్టిన చేపను ఐసులో పెడితే త్వరగా కుళ్లకపోవడానికి కారణం ఇదే.

మరి చుక్కల నడుమ ఉండే మేఘాల సంగతి? అక్కడి చలి సున్నాకు దిగువన 263 డిగ్రీలు. మన ఐసు ఫ్యాక్టరీ దిమ్మ దాని ముందు మండే నిప్పు లాంటిది. ఆ చలిలో అణువులు కదలవు, మెదలవు. రెండు అణువులు పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య చర్య జరగదు. వేడి లెక్కన చూస్తే అక్కడ ఏ వంటా సాగకూడదు.

అయినా సాగుతోంది. వేడి చేయాల్సిన పనిని అక్కడ కిరణాలు చేస్తున్నాయి.

ధూళి మీద మంచు పూత

చుక్కలు పుట్టే మేఘాల నిండా సన్నటి ధూళి ఉంటుంది. ఒక్కో రేణువు కంటికి కనిపించనంత చిన్నది. ఆ ధూళి మీద నీరు, వాయువులు మెల్లమెల్లగా పేరుకుని గడ్డకడతాయి. తెల్లవారుజామున ఇత్తడి చెంబు మీద మంచు పట్టినట్టే అనుకోవచ్చు.

ఆ పూతలో ఏముంటాయో వింటే మన ఊరి సరుకుల చిట్టాలాగే ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ నీరు. తర్వాత బొగ్గుపులుసు వాయువు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకు పడుకున్నవారి ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్. పశువుల కొట్టంలో ముక్కుపుటాలు అదరగొట్టే అమ్మోనియా. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండే మీథేన్. కల్తీ సారాలో చేరి తాగినవారి కళ్లు, ఒక్కోసారి ప్రాణాలు తీసే మిథనాల్.

ఇది ఊహ కాదు. 2021 డిసెంబరు 25న అంతరిక్షంలోకి పంపిన జేమ్స్ వెబ్ దుర్భిణి 600 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న ఒక చీకటి మేఘంలోకి చూసి నీరు, అమ్మోనియా, మీథేన్, మిథనాల్ మంచు రూపంలో ఉన్నట్టు పసిగట్టింది. ఈ ఫలితాలు 2023 జనవరిలో వెలువడ్డాయి. 2024లో వెలువడిన మరో పరిశీలనలో, అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న చుక్కల చుట్టూ ఉన్న మంచులో ఇథనాల్ కనిపించింది. సారాలోనూ, పులిసిన కల్లులోనూ మత్తెక్కించేది ఇదే. చీమ కుట్టినప్పుడు మంట పుట్టించే ఫార్మిక్ ఆమ్లం జాడ కూడా దొరికింది. వినెగర్‌కు పులుపునిచ్చే అసిటిక్ ఆమ్లం కూడా ఉండవచ్చని ఆ శాస్త్రజ్ఞులు రాశారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇథనాల్ వంటి పెద్ద అణువులు చాలావరకు బయట తయారై వచ్చి మంచులో చేరినవి కావని, ఆ మంచులోనే తయారయ్యాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాన్ని రుజువు చేయడానికే ప్రయోగశాలల్లో కృత్రిమంగా ఆ మంచును పోస్తున్నారు.

ప్రయోగశాలలో ఆకాశం

ఈ ప్రయోగానికి ముందుగా ఉక్కుతో గట్టి గది ఒకటి చేస్తారు. పరిమాణంలో అది పెద్ద వంట డేగిశా అంత ఉండవచ్చు. అందులోని గాలిని పంపులతో తోడేస్తారు. ఎంతగా తోడతారంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో లక్షల కోట్ల వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. గది మధ్యలో ఒక చిన్న లోహపు పలకను హీలియం వాయువుతో నడిచే యంత్రం సాయంతో సున్నాకు దిగువన 263 డిగ్రీల దాకా చల్లబరుస్తారు.

ఆపైన నీటి ఆవిరి, మిథనాల్, అమ్మోనియా వంటి వాటిని సన్నటి గొట్టం ద్వారా కొద్దికొద్దిగా వదులుతారు. పలకను తాకగానే అవి గడ్డకడతాయి. అలా ఏర్పడిన మంచు పొర మందం మన తల వెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు ఉంటుంది.

ఇక కిరణాల వంతు. కొందరు అతినీలలోహిత దీపం వెలిగిస్తారు. కొందరు ఎలక్ట్రాన్లను వదులుతారు. మరికొందరు పెద్ద యంత్రాల నుంచి వేగంగా దూసుకొచ్చే కణాలను వాడతారు. చుక్కల మేఘాల్లో ఈ మూడు రకాల దెబ్బలూ మంచు మీద పడుతూనే ఉంటాయి. అయితే అక్కడ అవి బహు నెమ్మదిగా పడతాయి. ప్రయోగశాల దీపం కింద ఒక గంటలో పడే కిరణాల మోతాదు చీకటి మేఘం లోపల పడాలంటే లక్షల ఏళ్లు పడుతుంది.

తెగుతాయి, ఆగుతాయి, అతుకుతాయి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కిరణం ఒకటి మంచులోని అణువును తాకగానే అది ముక్కలవుతుంది. నీటి అణువు నుంచి ఒక హైడ్రోజన్ విడిపోతుంది. మిథనాల్ రెండు మూడు రకాలుగా తెగుతుంది. అమ్మోనియాదీ అదే దారి. తెగిన ముక్కలకు తోడు కావాలి. దొరికిన దానితో అతుక్కోవడానికి అవి సిద్ధంగా ఉంటాయి. వీటిని రసాయన శాస్త్రంలో రాడికల్స్ అంటారు.

తేలికపాటి హైడ్రోజన్ ఒక్కటి ఆ చలిలో కూడా కాస్త అటూ ఇటూ జరగగలదు. మిగిలిన బరువైన ముక్కలు తెగిన చోటే చిక్కుకుపోతాయి. పక్కనే మరో ముక్క ఉంటే వెంటనే అతుక్కుంటాయి, లేకుంటే ఆగిపోతాయి. పొడి దుక్కిలో చల్లిన విత్తనం వాన కోసం ఎదురు చూసినట్టు అవి అలాగే పడి ఉంటాయి. తర్వాత ఎప్పుడో దగ్గరలో చుక్క ఒకటి పుట్టి మంచు కాస్త వేడెక్కితే ఈ ముక్కలు కదలడం మొదలుపెడతాయి. ఒకదానికొకటి తగిలి అతుక్కుంటాయి. చిన్న అణువులు పోయి పెద్ద అణువులు వస్తాయి.

ప్రయోగశాలలో కూడా ఇదే వరస పాటిస్తారు. కిరణాలు పడ్డాక పలకను నెమ్మదిగా వేడి చేస్తారు. ఒక్కో పదార్థం తన వంతు వచ్చినప్పుడు ఆవిరై లేస్తుంది. లేచిన వాటి బరువు తూచి ఏది ఏమిటో తేలుస్తారు. అంతా లేచిపోయాక పలక మీద పసుపు, గోధుమ రంగుల జిడ్డు ఒకటి మిగులుతుంది. హాలెండ్ దేశంలోని లైడెన్ విశ్వవిద్యాలయంలో 1970లలో ఈ రకం ప్రయోగశాలను నెలకొల్పిన మేయో గ్రీన్‌బర్గ్‌కు ఆ పచ్చని జిడ్డు మీదే కన్ను. అంతా అందులోనే ఉందని ఆయన నమ్మకం.

ట్రాక్టర్ రేడియేటర్‌లో పోసే కూలెంట్

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వెల్స్లీ అనే మహిళా కళాశాల ఉంది. అక్కడ క్రిస్ అరుమైనాయగం అనే ఆచార్యుని వద్ద డిగ్రీ చదివే ఆడపిల్లలు కూడా ఈ మంచు ప్రయోగాల్లో పాల్గొంటున్నారు.

వారు పట్టుకున్న ప్రశ్న ఇది. ఆకాశం నుంచి దూసుకొచ్చే విశ్వకిరణానికి శక్తి చాలా ఎక్కువ. అది మంచులోకి చొచ్చుకుపోతూ దారి పొడుగునా వేల కొద్దీ చిన్న ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఆ చిన్న ఎలక్ట్రాన్ల బలం తక్కువే. అసలు పని ఎవరిది? పెద్ద కిరణానిదా, దాని వెంట పుట్టిన ఈ చిన్నవాటిదా?

మిథనాల్ మంచు మీద బలమైన ఎలక్ట్రాన్లను ఒకసారి, బలహీనమైన వాటిని ఒకసారి వదిలి చూశారు. రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకే రకం పదార్థాలు తయారయ్యాయి. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. చిన్న ఎలక్ట్రాన్లే చాలావరకు పని చక్కబెడుతున్నాయన్న వాదనకు దీంతో బలం చేకూరింది. అలా తయారైన వాటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఒకటి. ట్రాక్టర్ రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ప్రధానంగా ఉండేది అదే.

విషాల నుంచి మాంసకృత్తుల దినుసులు

యూరియా, సారా, కూలెంట్ వినడానికి వింతే. అయితే ప్రపంచం ఉలిక్కిపడింది 2002లో. ఆ ఏడాది మార్చిలో ఒకే పత్రికలో రెండు బృందాల ఫలితాలు పక్కపక్కనే అచ్చయ్యాయి. ఒకటి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏమ్స్ కేంద్రంలోనిది, రెండోది లైడెన్ కేంద్రంగా సాగింది. రెండింటిలోనూ మంచు పొర మీద అతినీలలోహిత కాంతి పడ్డాక మిగిలిన జిడ్డులో అమినో ఆమ్లాలు దొరికాయి. మొదటి బృందానికి మూడు, రెండో బృందానికి 16.

కందిపప్పులోనూ, కోడిగుడ్డులోనూ, మన కండలోనూ ఉండే మాంసకృత్తులు ఈ అమినో ఆమ్లాల గొలుసులే. పశువుల కొట్టం వాసన, కల్తీ సారా విషం, కుంపటి పొగ కలిసి, నీటి మంచులో కిరణాల దెబ్బ తిని ఒంటికి కావలసిన దినుసులయ్యాయన్నమాట.

2016లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరానికి చెందిన బృందం ఇటువంటి మంచు నుంచే రైబోజ్ అనే చక్కెరను రాబట్టింది. జీవకణాల్లో వార్తలు మోసే ఆర్ఎన్ఏకు అది వెన్నుపూస వంటిది. 2018లో ఏమ్స్ కేంద్రం వారు డీఎన్ఏలోని చక్కెరను కూడా రాబట్టారు.

చేతి చెమట కాదు గదా?

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. అమినో ఆమ్లాలు మన చేతి చెమటలో ఉంటాయి, గదిలోని దుమ్ములో ఉంటాయి. వేలు తగిలితే చాలు, పలక మీదకు చేరతాయి. దొరికింది మంచులో పుట్టిందో, చేతికి అంటి వచ్చిందో ఎలా తెలుస్తుంది?

లైడెన్ బృందం ఇందుకు ఒక ఉపాయం చేసింది. మామూలు కార్బన్‌కు బదులు కాస్త బరువెక్కువ ఉన్న కార్బన్‌తో చేసిన సరుకులను మంచులో వాడింది. మందలో మన గొర్రె తెలియడానికి రంగు పూసినట్టు ఇది. చివరకు దొరికిన అమినో ఆమ్లాల్లో ఆ బరువు కార్బనే ఉంది. చెమట నుంచి వచ్చి ఉంటే మామూలు కార్బన్ ఉండేది. అనుమానం తీరింది.

ఇంకొక మెలిక మాత్రం మిగిలింది. జిడ్డును ఘాటైన ఆమ్లంలో వేసి ఉడికించాకే అమినో ఆమ్లాలు ఎక్కువగా బయటపడ్డాయి. అంటే మంచులో అవి పూర్తి రూపంలో ఉన్నాయా, లేక వాటి మాతృక వంటివి మాత్రమే ఉండి ఉడికించినప్పుడు విడివడ్డాయా అన్న చర్చ ఉంది. ఈ ఫలితాలను చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

తోకచుక్క సాక్ష్యం

ప్రయోగశాలలో జరిగిందని ఆకాశంలో జరగాలని లేదు. అందుకే శాస్త్రజ్ఞులు ఆకాశం నుంచే సాక్ష్యం అడిగారు. తోకచుక్కలు పాత మంచుతోనూ ధూళితోనూ నిండి ఉంటాయి. సూర్యుడు, భూమి పుట్టిన కాలం నాటి సరుకు వాటిలో చాలావరకు పాడుకాకుండా మిగిలి ఉంది.

యూరప్ దేశాలు 2004లో పంపిన రోసెట్టా నౌక పదేళ్లు ప్రయాణం చేసి 2014లో ఒక తోకచుక్కను చేరింది. అక్కడి వాయువులను పరికరాలు పసిగట్టినప్పుడు, ముక్కుతో వాసన చూడగలిగితే కుళ్లిన గుడ్డు, గుర్రపుశాల కలిసినట్టు కంపు కొడుతుందని శాస్త్రజ్ఞులు చెప్పారు. అదే తోకచుక్క దగ్గర గ్లైసీన్ అనే అమినో ఆమ్లం ఉన్నట్టు 2016లో ప్రకటించారు.

బెన్నూ అనే చిన్న గ్రహశకలం నుంచి నాసా తెచ్చిన మట్టి 2023 సెప్టెంబరు 24న అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది. దాని బరువు 121 గ్రాములకు కాస్త ఎక్కువ. భూమి మీది జీవులు వాడుకునే 20 అమినో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నట్టు 2025 జనవరిలో తెలియజేశారు. అమ్మోనియా కూడా దండిగా ఉంది. అయితే ఇవన్నీ మంచులో కిరణాల వల్లే పుట్టాయని చెప్పలేం. ఆ శకలం పుట్టిన మాతృశిలలో ఒకప్పుడు నీరు పారింది. ఆ తడిలో పుట్టినవి కూడా ఉంటాయి.

గాయం కడిగే మందు

ఈ మంచు వంట చుక్కల మేఘాలకే పరిమితం కాదు. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా అనే చందమామ ఒళ్లంతా మంచు. గురుగ్రహం నుంచి వచ్చే కణాలు దాన్ని రేయింబవళ్లు కొడుతుంటాయి. అక్కడి మంచులో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నట్టు గెలీలియో నౌక పరికరాల ద్వారా 1999లో తెలిసింది. మన ఊరి డాక్టరు గాయం మీద పోస్తే బుసబుస పొంగేది అదే. నీటి మంచే తెగి, మళ్లీ అతుక్కుని అలా మారింది.

ఆ మంచు నుంచి ప్రాణవాయువు కూడా పుడుతోంది. జూనో నౌక లెక్కల ప్రకారం సెకనుకు సుమారు 12 కిలోలు, అంటే రోజుకు సుమారు వెయ్యి టన్నులని 2024లో ప్రకటించారు. మంచు కింద పెద్ద సముద్రం ఉందని భావిస్తున్నారు. పైన పుట్టిన ప్రాణవాయువులో కొంతైనా కిందికి దిగితే అక్కడ జీవులు బతికే వీలుందా అన్నది ప్రశ్న. దీన్ని పరిశీలించడానికి నాసా 2024 అక్టోబరు 14న యూరోపా క్లిప్పర్ నౌకను పంపింది. అది 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరాలన్నది లెక్క.

మన దేశంలోనూ

విక్రం సారాభాయ్ 1947లో అహ్మదాబాద్‌లో నెలకొల్పిన ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో ఇటువంటి అతిశీతల మంచు పొరలపై ప్రయోగాలు జరుగుతున్నాయి. మద్రాసు ఐఐటీలో ఆచార్య ప్రదీప్ బృందం 2019లో మరో వింత చూపింది. నీటి మంచులో మీథేన్‌ను కలిపి ఆ చలిలో, ఆ శూన్యంలో గంటల తరబడి కదపకుండా ఉంచితే నీటి అణువులు గూళ్లు కట్టి మీథేన్‌ను లోపల బంధించాయి. ఇక్కడ కిరణాలు కూడా అక్కర్లేకపోయింది.

సరుకులు ఉన్నాయి, వంట?

వారం తర్వాత ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే ఈ సంగతులన్నీ చెప్పాను. అరుగు మీద కూర్చుని ఓపికగా విన్నారు. "అయితే మనమంతా ఆకాశం నుంచి రాలినవాళ్లమేనంటావా?" అన్నారు.

"అలా అనలేం బాబాయ్. సరుకుల్లో కొన్ని అక్కడి నుంచి రాలి ఉండవచ్చు. భూమి కొత్తగా ఏర్పడిన రోజుల్లో తోకచుక్కలు, ఉల్కలు బాగా పడ్డాయి. ఆ సరుకులు ఇక్కడ కూడా పుట్టి ఉండవచ్చు. రెండూ కలిసి ఉండవచ్చు" అన్నాను.

ఇంకో చిక్కు కూడా చెప్పాను. అమినో ఆమ్లాలకు కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా రెండు రూపాలు ఉంటాయి. మంచు ప్రయోగాల్లో రెండూ సమానంగా వస్తాయి. జీవుల ఒంట్లోని మాంసకృత్తుల్లో మాత్రం ఎడమచేతి రకమే ఉంటుంది. ఆ ఎంపిక ఎలా జరిగిందో ఇంకా తేలలేదు. ఇన్నేళ్లలో ఏ ప్రయోగశాలా మంచులో నుంచి ప్రాణమున్న పురుగును కాదు గదా, ఒక్క కణాన్ని కూడా పుట్టించలేదు.

పెద్దాయన కాసేపు ఆలోచించారు. "బియ్యం, పప్పు, ఉప్పు పక్కపక్కన పెట్టినంత మాత్రాన అన్నం ఉడకదు గదా. వండిందెవరో చెప్పండి అంటే మీ శాస్త్రజ్ఞులు ఏమంటారు?" అన్నారు.

"ఇంకా వెతుకుతున్నామంటారు" అన్నాను.

"అలా ఒప్పుకున్నారా! అయితే వాళ్లు చెప్పిన మిగతాది నమ్మవచ్చు" అని ఆయన కండువా దులుపుకుని లేచారు.